మామ్మగారూ, ఆ పాయ పైకి వచ్చింది

మా అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే మామ్మగారికి, ఇంకో ఇద్దరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. మామ్మగారు ఫోన్లో చదవలేరు. రేపు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి నేనే చదివి వినిపిస్తాను.

మా అక్క కూతురికి టొరంటోలో నవంబరులో డెలివరీ అన్నారు. అక్క అక్టోబరు 20న బయల్దేరాలి. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో అల్లిన దుప్పటి అక్క సూట్‌కేసులో వెళ్లాలని ఆగస్టులోనే అనుకున్నాను. కొక్కెం ఉన్న హుక్కుతో ఊలు అల్లే ఈ క్రోషే నాకు కొత్త కాదు. బడిలో కుట్ల టీచరు నేర్పింది మర్చిపోలేదు, స్వెటర్లూ టోపీలూ చాలానే అల్లాను. కానీ ఈసారి మనసు పడ్డది పాయలు పాయలుగా అల్లుకుపోయే కేబుల్ కుట్టు మీద. చూస్తే ఈతాకు చాప గుర్తొస్తుంది. ఒక పాయ ఏటవాలుగా వెళ్తూ పక్కపాయ మీదుగా ఒకసారి, దాని కిందుగా ఒకసారి సాగిపోతుంది. పెద్ద కన్నాలు ఉండవు కాబట్టి పసిపిల్లల వేళ్లు ఇరుక్కోవు. చలి దేశంలో పుట్టే బిడ్డకి మందంగానూ ఉంటుంది.

మామూలు అల్లికలో హుక్కు కింది వరస కుట్టు నెత్తిన దూరుతుంది. ఇందులో నెత్తిన కాదు, కుట్టు కాడ, అంటే దాని నిలువు భాగం, చుట్టూ తిరిగి రావాలి. ముందునుంచి వెళ్లి కాడని చుట్టి మళ్లీ ముందుకొస్తే ఆ కాడ ఉబ్బి పైకి లేస్తుంది. రెండు కాడలు వదిలేసి తర్వాతి రెండూ ముందు అల్లి, వెనక్కొచ్చి వదిలిన రెండూ వాటి మీదుగా అల్లితే ఒక మెలిక. తర్వాతి వరసలో రెండు కుట్లు పక్కకి జరిగి మళ్లీ మెలికలు. కుట్ల లెక్క నాలుగు నాలుగుగా వేసుకుని, అంచులకి రెండు కలుపుకోవాలి. నేను 26 కుట్లతో నమూనా మొదలుపెట్టాను.

గుడ్డ ముద్దగా, ముడతలు ముడతలుగా వచ్చింది. మూడుసార్లు విప్పాను. దీన్ని తేల్చింది నాలుగో అంతస్తులో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. తనకి క్రోషే రాదు. నా ప్రింటు కాగితం తీసుకుని కూర్చుని, "ఆంటీ, ఇది అమెరికా పద్ధతిలో రాసింది. వాళ్ల ట్రెబుల్ కుట్టు వేరు, మీరు బడిలో నేర్చుకున్న ట్రెబుల్ వేరు" అంది. నిజమే. మాకు నేర్పింది బ్రిటిష్ పేర్లతో. ఆ లెక్కన ట్రెబుల్ అంటే హుక్కు మీద ఊలు ఒకసారి చుట్టాలి, అమెరికా లెక్కలో రెండుసార్లు. నా కుట్టు పొట్టిదైపోయి, రెండు కాడలు దాటి వెళ్లలేక గుడ్డని లాగేస్తోందన్నమాట. పరీక్షల మధ్యలో గంటసేపు నాకోసం కూర్చున్నావు తల్లీ, చాలా థాంక్స్.

ముడతలు పోయాయి. ధైర్యం వచ్చి 118 కుట్లతో అసలు దుప్పటి మొదలుపెట్టాను. ఏడు అంగుళాలు అల్లాక పరిచి చూసుకుంటే మనసు ఉసూరుమంది. పాయలున్నాయి, మెలికలున్నాయి, కానీ అల్లిక లేదు. ఎడమవైపు వాలిన పాయలన్నీ పైనే ఉన్నాయి, కుడివైపు వాలినవన్నీ కిందే ఉన్నాయి. ఎక్కడ తప్పిందో ఎంత చూసినా తెలియలేదు. సెప్టెంబరు సగం అయిపోయింది. ఆ టెన్షన్‌లో రాత్రిళ్లు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

మామ్మగారిది మొగల్తూరు. ఏడెనిమిదేళ్ల వయసులో లేసు సూది, అంటే సన్నటి క్రోషే హుక్కు, పట్టారు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న పని అది, తరతరాలుగా ఆడవాళ్ల చేతుల్లోనే నిలిచింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, కుట్టినది లెక్కపెట్టుకుని పట్టుకెళ్తాడు. పువ్వులు కుట్టేవాళ్లు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్లు వేరు. మామ్మగారు జీవితమంతా పువ్వులే కుట్టారు. ఆ పువ్వులన్నీ కలిసి ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకున్నాయో ఆవిడ చూడలేదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తిగా, గుర్తింపు వచ్చిందని నేను చెబితే, "మంచిదేలే. కూలి కూడా పెంచితే బావుండును" అన్నారు. ఆవిడ మాటే న్యాయమని నాకూ అనిపిస్తుంది.

నా ఏడంగుళాల ముక్కని ఆవిడ చేతిలో పెట్టాను. సన్నటి దారానికి అలవాటుపడ్డ చేతులు కదా, "ఇదేం దారమమ్మా, మోకులా ఉంది" అని నవ్వారు. ఈ కుట్టు ఆవిడ ఎన్నడూ వేయలేదు. కాగితం చదవడం రాదు. బొమ్మ చూపించమన్నారు. బాల్కనీలోకి వెళ్లి, బొమ్మనీ నా ముక్కనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎర్రదారం తెమ్మన్నారు. మొద్దుసూదిలోకి ఎక్కించి, నా అల్లికలో ఒక పాయ వెంబడే అడుగునుంచి పైదాకా ఆ ఎర్రదారాన్ని నడిపించారు.

"ఇప్పుడు చూడు. ఈ ఎర్రపాయ ఒక మెలికలో పైకి రావాలి, పై మెలికలో కిందికి పోవాలి. నీది ఎక్కడా కిందికి పోలేదు."

"మరి ప్రతి వరసా ఒకేలా అల్లాను కదా మామ్మగారూ?"

"అదేనమ్మా తప్పు. గుడ్డ తిప్పావుగా. నువ్వు తిరిగావు, కుట్టు తిరగలేదు."

అప్పుడు హుక్కు తీసుకుని, ఉల్టావైపు వరసలో నాకు చేసి చూపించారు. మంచివైపు వరసలో వదిలిన రెండు కాడల్నీ అప్పుడే అల్లిన జంటకి ముందునుంచి దాటించాలి. ఉల్టావైపు వరసలో ఆ జంటకి వెనకనుంచి దాటించాలి. ఎటు తిప్పినా, రెండోసారి అల్లిన జంట మంచివైపునే పైన పడాలి. నేను రెండు వైపులా నాకెదురుగా ఉన్న పక్కనుంచే దాటించేస్తున్నాను. ఆవిడ ఎడమచేతి చూపుడువేలితో ముందు జంటని తనవైపు మెల్లిగా వంచి, ఆ సందులోంచి హుక్కుని వెనక్కి పంపి, వదిలిన కాడని పట్టుకుని లాగారు. గుడ్డ తిప్పి చూస్తే ఎర్రపాయ కిందికి పోయి ఉంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఏడంగుళాలూ విప్పేశాను. ఈసారి విప్పుతుంటే బాధ లేదు. ఆ తర్వాత పదిరోజులు మధ్యాహ్నం మూడింటికి నేను ఊలు పట్టుకుని వెళ్లడం, ఆవిడ పక్కన కూర్చుని చూడడం. ప్రతి నాలుగు వరసలకీ ఒకసారి గుడ్డ లాక్కుని, వేలితో ఒక పాయ వెంట కిందనుంచి పైదాకా వెళ్లేవారు. ఒక్క మెలిక తప్పినా వేలు అక్కడ ఆగిపోయేది. ఇప్పుడు కాగితం లేకుండా నేనూ అలాగే తడిమి చూసుకుంటున్నాను.

ఊలు కొట్టు ఆయనకి కూడా చెప్పుకోవాలి. ఈ కుట్టు ఊలు బాగా తింటుంది. వంద గ్రాముల ఉండలు ఆరు చాలనుకున్నవి ఎనిమిది పట్టాయి. రంగు ఒకటే అయినా లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు, మారితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నేను అడగకపోయినా అదే లాట్‌వి రెండు ఉండలు పక్కన పెట్టి ఉంచారు. మీ ముందుచూపుకి దండం అన్నా.

అక్టోబరు 16న అల్లిక పూర్తయింది. అంచు నేను వేయబోతుంటే, "ఇలా ఇవ్వు, అంచు నాది" అన్నారు మామ్మగారు. అదే ఊలుతో నాలుగువైపులా చిన్నచిన్న పువ్వుల అంచు రెండురోజుల్లో వేసిచ్చారు. డబ్బులిస్తానంటే కోప్పడ్డారు.

పాప పుట్టింది. మొన్న అక్క ఫోటో పంపింది. పాప నిద్రపోతోంది, మెడ కింద వరకూ దుప్పటి. మామ్మగారికి ఫోను ఇచ్చాను. ముందు పాప మొహం పెద్దది చేసి చూశారు. తర్వాత వేలితో జరుపుకుంటూ అంచు వెంట వెళ్లి, ఒక్కో పువ్వూ చూశారు. ఆ ఫోటో వాళ్లబ్బాయి ఫోనుకి కూడా పంపమన్నారు. పంపాను.