నాన్న కోసం కీర్తనలు చదివిన మీ అందరికీ

చర్చి సంఘస్థులకు, చెన్నై పెరంబూరు ఇరుగుపొరుగు వారికి, ఊళ్ల నుంచి వచ్చిన బంధువులకు మా కుటుంబం తరఫున వందనాలు. అమ్మ దగ్గర ఉండటం వల్ల ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం కుదరట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రక్తం ఇచ్చిన యూత్ పిల్లలకు, రాత్రుళ్లు ఐసీయూ బయట మాకు తోడున్న అన్నయ్యలకు, రసం అన్నం పంపిన అక్కలకు ఎంత చెప్పినా తక్కువే. కింది వాటా తమిళ అక్కయితే తన బైబిల్ తెచ్చుకుని, మేం చదివే కీర్తననే తమిళంలో వేలు పెట్టి చూసుకుంటూ మాతోపాటే కూర్చునేది.

స్త్రీల సమాజం వారికి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. పరామర్శకు వచ్చినవాళ్లు మామూలుగా "ఏడవకండి, అంతా దేవుని చిత్తం" అంటారు. మీరు ఆ మాట అనలేదు. పెద్దక్క బైబిల్లో 13వ కీర్తన తీసి, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని చదివారు. అప్పటిదాకా నోరు విప్పని అమ్మ, "దేవుణ్ణి అలా కూడా అడగొచ్చా?" అంది. "దావీదే అడిగాడు కదమ్మా" అన్నారు పెద్దక్క. ఆ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. మొఱ్ఱతో మొదలై పాటతో ముగుస్తుంది. ఆ రోజు మీరు అమ్మను పాట దాకా తొందరపెట్టలేదు. నాలుగో వచనంతో ఆపి, ఆమె ఏడుపు తీరేదాకా పక్కనే కూర్చున్నారు.

నాన్నకు వెంటిలేటర్ పెట్టిన రాత్రి 88వ కీర్తన చదివాం. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక ధైర్యం మాట ఉంటుంది. దీంట్లో అదీ లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా 150 కీర్తనల్లో ఒకటిగా ఉంచడం దేవుడి దయే అనిపించింది నాకు. ఆ రాత్రి ఇంకేది చదివినా అబద్ధంలా ఉండేది.

ఐసీయూ లోపలికి కొద్ది నిమిషాలే పంపేవారు. అందుకని 117 చదివేదాన్ని, రెండే వచనాలు. కాస్త టైమ్ దొరికితే 121. నాన్న పాత బైబిల్లో 121 పక్కన ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేరిన తేదీ పెన్సిల్‌తో రాసి ఉంది. 128 పక్కన పెళ్లి తేదీ. పిల్లల్ని ఒలీవ మొక్కలతో పోల్చిన వచనం కింద మా పేర్లు, నా పేరులో ఒత్తు తప్పుతో సహా! 119 పక్కన తేదీ లేదు, "సగం వచ్చు" అని ఉంది. 176 వచనాల్లో సగమంటే తక్కువేం కాదు.

నాన్న పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టర్ అయ్యగారు 90వ కీర్తన మీద మాట్లాడి, తర్వాత 136 చదివించారు. ఆయన ఒక మాట చదవడం, మనమంతా "ఆయన కృప నిరంతరముండును" అనడం. 26 వచనాలకూ అదే జవాబు. మొదట్లో నా గొంతు లేవలేదు. ఎర్ర సముద్రం వచనం దగ్గరికి వచ్చేసరికి పక్కన అమ్మ గొంతు వినబడింది, అప్పుడు నేనూ కలిశాను. మీరంతా అక్కడ లేకపోతే మా ఇద్దరి వల్లా అయ్యేది కాదు.

అమ్మ ఇప్పుడు రోజూ 71 చదివించుకుంటోంది, "వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము" అన్నది. బీపీ కంట్రోల్‌లోనే ఉంది. వచ్చే ఆదివారం ఆరాధనకు వస్తానంటోంది.

స్టీలు టిఫిన్ క్యారియర్లు కొన్ని మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఒకదాని మూత మీద పూల డిజైన్ ఉంది. ఎవరివో చెబితే చర్చికి తెస్తాను.