తల తీసేసినా కాయే, కానీ ఏ కాయ?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం గళ్ల నుడికట్టులో 7 అడ్డం ఆధారం ఇది: 'తల తీసేసినా కాయే (3)'. రెండో గడిలో 'కా', మూడో గడిలో 'య' నిలువు మాటల్లోంచి దొరికాయి. మొదటి గడికి మాత్రం ఏ నిలువు మాటా తగల్లేదు.

నేను 'వంకాయ' అని పెన్నుతోనే రాసేశాను. 'వం' తీసేస్తే కాయ. ఇంకేం కావాలి? మా ఆవిడది కడప వైపు. పేపర్లోకి తొంగి చూసి, "టెంకాయ ఎందుక్కాకూడదు?" అంది. మా తెనాలిలో మేం కొబ్బరికాయ అంటాం. టెంకాయ అనే మాట తెలియక కాదు, నాకు తట్టలేదంతే. అదీ మూడక్షరాలే, తల తీసేస్తే మిగిలేదీ కాయే! వారమంతా టెన్షనే. చివరికి మీ జవాబుల్లో టెంకాయ అని వచ్చింది. వంకాయ ఎందుకు తప్పో మాత్రం ఎక్కడా లేదు.

ఆధారంలో తిరకాసు ఉన్నందుకు నాకు ఫిర్యాదు లేదు. తిరకాసు వద్దనుకుంటే బ్యాంకుకెళ్లి దరఖాస్తు ఫారం నింపుకుంటాను. సీమ మాట రావడం మరీ సంతోషం, సినిమా హీరోయిన్ల పేర్లు రాసీ రాసీ విసుగొచ్చింది. కానీ ఆధారానికి జవాబు ఒక్కటే ఉండాలి. 'గుడిలో కొట్టేది' అని ఒక్క ముక్క చేరిస్తే సరిపోయేది.

ఇంగ్లిషు గళ్లలో తిరిగేవి 26 అక్షరాలే. మనకు గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చోవాలి. అడ్డంలో 'కా' ఉంటే నిలువులోనూ 'కా'యే రావాలి, 'కి' కుదరదు. మాటలు అల్లడం అంత కష్టం కాబట్టే ఇలా నిలువు తగలని గళ్లు మిగిలిపోతాయి. అలాంటి చోట నింపేవాడికి ఆధారం తప్ప దిక్కు లేదు.

శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు ఈ గళ్లు కూర్చారు. మీ పత్రికలో కూర్పరి పేరే కనబడదు. 'ది హిందూ'లో మారుపేరైనా వేస్తారు. మెచ్చుకోవాలన్నా తిట్టుకోవాలన్నా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా. దయచేసి పేరు వేయండి. జవాబులతో పాటు, బాగా చిక్కు పెట్టిన రెండు మూడు ఆధారాలకు ఒక్కో వాక్యం వివరణ ఇవ్వండి. స్థలం లేదంటారేమో, ఈ ఆదివారం గళ్ల కింద అరచేతి మందాన ఖాళీ ఉంది.

అలాగే వంకాయ కూడా ఒప్పేనని వచ్చే వారం ఒక లైను వేయగలరు. మీ జవాబుల ముక్క కత్తిరించి మా ఆవిడ ఫ్రిజ్‌కి అంటించింది.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి