మొక్కు మనదైతే భక్తి, వాళ్లదైతే ప్రచారమా?

సంపాదకులకు నమస్కారం.

ఆటగాళ్లు దేవుణ్ణి ఇంట్లో పెట్టి మైదానానికి రావాలని గత వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాశారు. చదివి ఊరుకున్నాను. కానీ మొన్న ఆదివారం మా ఊళ్లో జరిగింది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నాం గానీ మీ పేపరు పాతపట్నం మీదుగా మా ఇంటికి వస్తుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండల నుంచి సంతకు దిగేవాళ్ల నోట సవర, ఇదీ మా ఊరు. ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పని చేసి రిటైరయ్యాను, ఇప్పటికీ ఎక్కడ టోర్నమెంటు జరిగినా వెళ్లి కూర్చుంటాను.

ఆదివారం ఆడపిల్లల వాలీబాల్ ఫైనల్. కొండ మీది ఊరి నుంచి వచ్చిన టీము, సగం మందికి బూట్లు కూడా లేవు, మూడో సెట్టులో 10-13 దగ్గర ఉండి అక్కడి నుంచి వరసగా ఐదు పాయింట్లు కొట్టి గెలిచారు. ఆఖరి సర్వీసు చేసిన పిల్లకు పదహారేళ్లు ఉంటాయేమో. బంతి అవతల పడగానే అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, తల వంచుకుంది. అర నిమిషం కూడా కాలేదు. మైకు పట్టుకున్నాయన, "ఇది గ్రౌండమ్మా, చర్చి కాదు, లెగు లెగు" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ పిల్ల గబుక్కున లేచి మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుని టీము వెనక్కి వెళ్లి నిలబడింది. కప్పు అందుకునేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

అదే గ్రౌండులో ఆ రోజు పొద్దున్న ఏం జరిగిందో కూడా చెప్పాలి. నెట్టు కట్టిన స్తంభానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి ఆట మొదలుపెట్టారు. నేనూ దండం పెట్టుకున్నాను. ఇది గ్రౌండు, గుడి కాదు అని అప్పుడు మైకులో ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. నన్ను బాధ పెట్టింది ఆ ఒక్క మాట కాదు, అది అన్నాయనకు గానీ నవ్విన వాళ్లకు గానీ పొద్దున్నది గుర్తు కూడా రాలేదు, అది బాధ పెట్టింది. 2011 లెక్కల ప్రకారం మా గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా జనం క్రైస్తవులే. వాళ్ల పిల్లలు మా గ్రౌండులో మాకంటే బాగా ఆడుతున్నారు, పొద్దున్న మేం కొట్టిన కొబ్బరికాయకు పక్కన నిలబడి మర్యాదగా చూశారు, సాయంత్రం మేం వాళ్లకు ఆ అర నిమిషం ఇవ్వలేకపోయాం.

మా ఊళ్లో ఒక మైకులో జరిగిందే దేశమంతా ఫోన్లలో జరుగుతోంది. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్ సెమీఫైనల్ గుర్తుందా? ఆస్ట్రేలియా 338 కొట్టింది. జెమీమా రోడ్రిగ్స్ 134 బంతుల్లో 127 కొట్టి నాటౌట్‌గా నిలబడి గెలిపించింది. ఆడవాళ్ల వన్డేల్లో అంత స్కోరు అంతకు ముందు ఎవరూ ఛేదించలేదు. అదే కప్పులో మధ్యలో ఆమెను టీములోంచి తప్పించారు, ఆ రోజుల్లో దాదాపు రోజూ ఏడ్చానని, టెన్షన్‌తో నలిగిపోయానని ఆ పిల్లే చెప్పింది. గెలిచాక మైకు ముందు ఏడుస్తూ, యేసుకు కృతజ్ఞతలు, నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, చివర్లో బైబిల్ వాక్యమే చదువుకుంటూ నిలబడ్డాను అంది. అమ్మానాన్నలకు, కోచ్‌కు కూడా థాంక్స్ చెప్పింది. అంత పెద్ద ఇన్నింగ్సు ఆడిన పిల్ల మాటల్లో కొందరికి ఆ ఒక్క పేరే వినపడింది. మతం ప్రచారం చేస్తోందని తిట్టిపోశారు.

మరి మన నితీశ్ కుమార్ రెడ్డి సంగతి? 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి 114 కొట్టాడు, గ్యాలరీలో తండ్రి కళ్ల నీళ్లు పెట్టుకోవడం మనమంతా చూశాం. విశాఖ తిరిగొచ్చాక తిరుమల మెట్లు మోకాళ్ల మీద ఎక్కాడు, ఆ వీడియో తనే పెట్టాడు. మా వీధిలో దాన్ని చూడనివాళ్లు లేరు. నాకూ కళ్లు చెమర్చాయి. మను భాకర్ 2024లో పారిస్‌లో ఎయిర్ పిస్టల్ కాంస్యం గెలిచాక భగవద్గీత చదువుతాను, ఫలితం గురించి ఆలోచించకుండా నా పని నేను చేశాను అంది, ఎంత బాగా చెప్పిందమ్మా అని దేశమంతా మెచ్చుకుంది. టోక్యో పతకంతో సింధు తిరుమల వెళ్తే టీవీలన్నీ చూపించాయి. వీటిలో ఏదీ తప్పని నేను అనను. మోకాళ్ల మీద మెట్లెక్కిన పిల్లాడిదీ, మోకాళ్ల మీద కూర్చున్న మా కొండ పిల్లదీ ఒకటే మనసు కదా అంటున్నాను. మా వైపు పెద్దవాళ్లు ధాన్యం కొలిచేటప్పుడు ఇచ్చే కుంచమూ పుచ్చుకునే కుంచమూ ఒకటే ఉండాలనేవారు. ఇక్కడ రెండు కుంచాలు పెట్టుకున్నాం.

బౌలర్ షమీ విషయంలో ఇంకా ఘోరం, అతన్ని రెండు పక్కలా పీకారు. 2023 ప్రపంచ కప్‌లో వాంఖడేలో శ్రీలంక మీద 18 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాక అలసిపోయి మోకాళ్ల మీద వాలాడు. సజ్దా, అంటే నుదురు నేలకానించి అల్లాకు మొక్కడం, చేయబోయి ఇండియాలో భయపడి ఆగిపోయాడని సరిహద్దు అవతల నుంచి మొదలుపెట్టారు. చేయాలనుకుంటే నన్నెవరు ఆపుతారు, నేను ముస్లింని, భారతీయుణ్ణి, రెండూ గర్వంగానే చెప్తాను అని తర్వాత అతను జవాబిచ్చాడు. ఆ కప్పుకు రెండేళ్ల ముందు పాకిస్థాన్‌తో టీ20 ఓడిపోతే అతని మతం తీసి తిట్టినవాళ్లు మనవాళ్లే. అప్పుడు కోహ్లీ గట్టిగా నిలబడ్డాడు, ఆ మాట మర్చిపోకూడదు. మళ్లీ 2025 మార్చిలో దుబాయ్‌లో ఛాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్ ఆడుతూ రంజాన్ నెలలో ఎనర్జీ డ్రింకు తాగాడని ఒక మతపెద్ద అతన్ని పాపి అన్నాడు. ఆ ఎండలో పది ఓవర్లు పరుగెత్తి వేసేవాడికి ఒంట్లో నీళ్లు ఎంత పోతాయో జీవితమంతా పిల్లల్ని పరుగెత్తించిన నాకు తెలుసు. సిరాజ్ ఒకచోట స్వాగతం దగ్గర బొట్టు వద్దన్నాడని 2023లో ఇంకో గోల, అదే వీడియోలో టీము స్టాఫులో ఇంకొందరు కూడా వద్దన్నారు, వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ పాఠకుడు రాసిన ఒక మాట మాత్రం నేను కొట్టిపారేయను. ఆటకు నిబంధనలు ఉండాలి అన్నారు, ఉన్నాయి. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిచాక బ్రెజిల్ కాకా జెర్సీ విప్పితే లోపలి బనీను మీద నేను యేసువాణ్ణి అని రాసి ఉంది. ఇప్పుడు ఫుట్‌బాల్‌లో అలాంటి రాతలు కుదరవు, ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన కూడా పోటీ స్థలాల్లో మత ప్రచారం వద్దంటుంది. సరే, చొక్కా మీద రాతలు వద్దు, ఏ మతానివైనా వద్దు, ఒప్పుకుంటాను. కానీ తల వంచుకోవడం రాత కాదు కదా. ఆకాశం వైపు చూడటం, గుండె మీద చెయ్యి వేసుకోవడం, మట్టి తాకి కళ్లకద్దుకోవడం, ఇవి ఎవరినీ ఏమీ అడగవు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో ఎరిక్ లిడెల్ అనే స్కాట్లాండ్ రన్నర్ వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పరుగే వదులుకుని, అంతగా అలవాటు లేని 400 మీటర్లు పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారం గెలిచాడు. ఈ కథ నేను ప్రతి బ్యాచికీ చెప్పేవాణ్ణి. హిందూ పిల్లలే ఎక్కువమంది మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేవారు.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. ఆటగాడు తన దేవుణ్ణి తలుచుకోవడం వేరు, కోచో కమిటీయో తన దేవుణ్ణి పిల్లల చేత మొక్కించడం వేరు. ఇది నేను చేసిన తప్పు కాబట్టి గట్టిగా చెప్పగలను. 1990ల్లో మా కబడ్డీ టీమును మ్యాచికి తీసుకెళ్లే ముందు కొబ్బరికాయ కొట్టి అందరికీ వరసగా బొట్టు పెట్టేవాణ్ణి. మంచిదే చేస్తున్నాననుకున్నాను. ఒక సవర కుర్రాడు, మా టీముకు వాడే రైడరు, బొట్టు పెట్టించుకుని గోడ పక్కకు వెళ్లి మోచేత్తో తుడుచుకోవడం ఒకరోజు చూశాను. కోపం వచ్చింది, ఏమీ అనలేదు. చాలా ఏళ్ల తర్వాత, వాడికి పెళ్లయి పిల్లలు పుట్టాక, సంతలో కనిపించి టీ తాగుతూ చెప్పాడు: "వద్దంటే టీములోంచి తీసేస్తారేమోనని భయమేసింది మాస్టారూ." ఆ రోజు టీ గొంతు దిగలేదు. వాణ్ణి నేనెన్నడూ తీసేసేవాణ్ణి కాదు, కానీ ఆ సంగతి వాడికెలా తెలుస్తుంది? నా చేతిలో విజిలుంది, టీము లిస్టుంది. పాస్టరు గారు కోచ్ అయి పిల్లలందరినీ ప్రార్థనకు నిలబెట్టినా ఇదే తప్పు, అలా జరిగిన చోట కూడా నేను వెళ్లి చెప్పాను.

కాబట్టి మతం మైదానంలోకి రావొద్దు అనేవాళ్లు ముందు మైకు పట్టుకున్నవాళ్లనీ లిస్టు రాసేవాళ్లనీ అడగండి. పదహారేళ్ల పిల్లను కాదు. మా రాష్ట్రం 2018 నుంచి జాతీయ హాకీ జట్లకు స్పాన్సరు, సుందర్‌గఢ్ ఆదివాసీ ఊళ్ల నుంచి ఎంతమంది హాకీకి వచ్చారో అందరికీ తెలుసు, వాళ్లలో చాలామంది చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలే. వాళ్లు గోలు కొడితే మనది, దండం పెడితే వాళ్లది అంటే కుదరదు.

టోర్నమెంటు కమిటీ వాళ్లను సోమవారం కలిశాను. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను, పెద్దవాణ్ణని విన్నారు. ఆ టీము కోచ్‌కు ఫోన్ చేసి క్షమించమని చెప్తామన్నారు, ఇది రాసేటప్పటికి ఇంకా చేయలేదు. ఆ కోచ్ కుర్రాడే నాకు ఫోన్ చేశాడు. వచ్చే నెల టెక్కలి వైపు ఒక టోర్నమెంటుకు పిల్లల్ని తీసుకెళ్తున్నాడట. "అక్కడ గెలిస్తే మోకరించొద్దని వాళ్లకు చెప్పమంటారా మాస్టారూ" అని అడిగాడు. చెప్పొద్దు బాబూ అన్నాను. ఆ రోజు నేనూ వస్తాను, మైకు బల్ల పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా