రిబ్బన్ కత్తిరించారు సరే, కాథెటర్ ఏదండీ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నమస్కారం.

ఛాతీ ఆపరేషన్ల థియేటర్‌కు తమరు మంజూరు చేసిన అల్ట్రాసౌండ్ యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దాంతోపాటు రావాల్సిన సామానే (సూదులు, కాథెటర్లనే సన్నటి మందు గొట్టాలు, పంపులు) రాలేదు. వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాం, 'పరిశీలనలో ఉంది' అన్న జవాబూ వస్తూనే ఉంది.

పక్కటెముకల మధ్య కోసిన నొప్పి ఊపిరి పీల్చిన ప్రతిసారీ పొడుస్తుంది. రోగి గట్టిగా దగ్గలేడు. కఫం లోపలే నిలిచి, ఊపిరితిత్తి అడుగుభాగం ముడుచుకుపోయి, ఆనక న్యుమోనియా. మార్ఫిన్ పెంచితే నొప్పితోపాటు శ్వాసా మందగిస్తుంది. అందుకే పారావెర్టిబ్రల్ బ్లాక్, అంటే వెన్నుపూస పక్కన నరాలకు తిమ్మిరి మందు ఇవ్వడం. ఐదో థొరాసిక్ (ఛాతీ) వెన్నుపూస పక్కన సూది దించి మందు ఎక్కిస్తుంటే ప్లూరా (ఊపిరితిత్తి మీది పొర) కిందికి నొక్కుకోవడం తెర మీద కనిపిస్తుంది. మందు సరైన చోట పడిందనడానికి అదే గుర్తు. యంత్రం పని అక్కడితో సరి. ఆ సూదిలోంచే కాథెటర్ 2, 3 సెం.మీ. లోపలికి పోవాలి. అందుకు 18 గేజ్ టువీ సూది, అంటే కాథెటర్ దూరేంత లావుగా, వంపు మొనతో ఉండే సూది కావాలి. స్టోర్స్‌లో ఉన్నది వెన్నులో మత్తు ఇవ్వడానికి వాడే సన్నటి స్పైనల్ సూది. దాంట్లోంచి కాథెటర్ దూరదు, ప్లూరాను మాత్రం ఇట్టే పొడుస్తుంది!

దాంతో 0.25 శాతం బుపివకైన్ (తిమ్మిరి మందు) 20 మి.లీ. ఒక్క డోసు ఇచ్చి ఊరుకోవాల్సి వస్తోంది. అది మామూలుగా 8 నుంచి 12 గంటలు పనిచేస్తుంది. ఛాతీలోంచి గాలి, ద్రవం తీసే డ్రెయిన్ గొట్టం, దాని నొప్పీ ఉండేది రోజుల తరబడి. పొద్దున ఆపరేషన్ అయినవాళ్లకు సరిగ్గా రాత్రి, వార్డులో మత్తు డాక్టరు లేని వేళకు నొప్పి తిరగబెడుతుంది.

ఎప్పుడైనా కాథెటర్ దొరికితే పంపు ఉండదు. 60 కిలోల మనిషికి 0.125 శాతం మందు గంటకు 6 మి.లీ. పోవాలంటే సిరంజి పంపు తప్పదు. 50 మి.లీ. సిరంజి ఎనిమిది గంటల్లో ఖాళీ. దాన్ని మార్చే నర్సుకు శిక్షణ ఉండాలి, గొట్టానికి వేరే రంగు లేబుల్ ఉండాలి. పొరపాటున సెలైన్ లైనుకు తగిలిస్తే మందు నేరుగా రక్తంలోకి పోయి గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. అప్పుడు కిలోకు 1.5 మి.లీ. లెక్కన వెంటనే ఎక్కించాల్సిన విరుగుడు, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) కూడా ఇండెంట్ (సామాను కోరుతూ రాసే) కాగితంలోనే ఉంది.

ఎపిడ్యూరల్ (వెన్నుపాము పొర బయట మందు ఎక్కించే పద్ధతి) ఇవ్వొచ్చు కదా అని తమ అధికారులు సలహా ఇచ్చారు. ఇవ్వొచ్చు. బీపీ పడిపోవడం, మూత్రం నిలిచిపోవడం చూసుకోవాలి, రక్తం పలచబరిచే మందుల వేళలు లెక్కేసుకోవాలి. అంతా చేస్తాం. కానీ దానికీ అదే టువీ సూది, అదే కాథెటర్, అదే పంపు కావాలి సార్.

రెండో అల్ట్రాసౌండ్ యంత్రం ఫైలు కదులుతోందని విన్నాం. దయచేసి దాన్ని కాస్త పక్కనపెట్టి సూదులు, కాథెటర్లు ఇప్పించండి. పంపులు కూడా. రాత్రి డ్యూటీ నర్సులకు శిక్షణ ఏర్పాటు చేయించండి. పంపుల సంగతి మాత్రం మర్చిపోవద్దని మరోసారి మనవి.

ఇట్లు,
ఛాతీ శస్త్రచికిత్స విభాగం మత్తు వైద్యులు