మార్చి 8 తర్వాత మీ క్లాసు ఎన్నింటికి?

మా షెడ్యూలింగ్ యాప్‌తో అమెరికా, లండన్ పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు చెప్తున్న హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ సార్లకు, మేడమ్‌లకు నమస్తే.

2026 మార్చి 8 ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మనం జరపం. డాలస్‌లో శనివారం రాత్రి 8కి పెట్టిన క్లాసు ఇప్పుడు మీకు ఆదివారం పొద్దున 7:30కి పడుతోంది. 14వ తేదీ శనివారం క్లాసు నుంచి 6:30కే పడుతుంది. మీకు 7:30 మారొద్దంటే పిల్లలు అక్కడ రాత్రి 9కి కూర్చోవాలి. ఆ గంట ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. ఎవరన్నది యాప్ తేల్చే సంగతి కాదు. అందుకే ప్రతి బ్యాచ్ పేజీలో ఒక ప్రశ్న పెట్టాం: క్లాసు ఏ ఊరి టైము ప్రకారం నడవాలి?

“అన్ని క్లాసులు గంట జరిపే బటన్ ఒకటి పెట్టుండ్రి, ఒత్తుకుంటం” అని చాలామంది అడిగారు. పెట్టం. ఫీనిక్స్‌లో ఏడాదంతా ఒకటే టైము. లండన్‌లో మారేది మార్చి 29న. ఒకే బ్యాచ్‌లో ఈ మూడు ఊళ్ల పిల్లలుంటే ఆ బటన్ ఒక్కరికి పనికొచ్చి ఇద్దరిని ముంచుతుంది.

లోపల జరిగేది ఇదీ. అయిపోయిన క్లాసులను యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములో, దాస్తాం. రాబోయే వాటికి మాత్రం ఊరి టైము, దాంతోపాటు టైమ్ జోన్ పేరు రాసుకుంటాం. డాలస్‌కైతే ‘అమెరికా/షికాగో’, రెండు ఊళ్లదీ ఒకే టైము. ‘మైనస్ ఆరు’, అంటే యూటీసీకి ఆరు గంటలు వెనక, అని అంకె రాసి పెట్టుకుంటే మార్చి 8 నుంచి అది తప్పు, అప్పటికి మైనస్ ఐదు. ఐఎస్‌టీ అని టైపు చేసినా తీసుకోం. ఆ మూడక్షరాలు ఇజ్రాయెల్‌వి కూడా, ఐర్లాండ్‌వి కూడా.

ఏ క్లాసు ముందు, ఏది తర్వాత అన్నది కూడా తేదీ చూసి చెప్పలేం. ఇవాళ్టి లెక్కలో హన్మకొండ ఆదివారం పొద్దున 7 గంటలు, డాలస్ శనివారం రాత్రి 8 కంటే అరగంట ముందే వస్తుంది. రెండింటినీ యూటీసీకి మార్చాకే పోలుస్తాం.

అసలు గొడవ ఫీజు దగ్గర. క్లాసుకు 24 గంటల ముందు రద్దు చేస్తే డబ్బు వాపస్ అన్నది మన నియమం. డాలస్‌లో మార్చి 8 రాత్రి 8 గంటల క్లాసుకు ఆ గడువు శనివారం రాత్రి 7కే తీరుతుంది, ఎందుకంటే ఆ రోజుకున్నవి 23 గంటలే. “నిన్న ఇదే టైముకు రద్దు చేశాం కదా” అని తల్లిదండ్రులు అంటే వాళ్లదీ న్యాయమే. నియమం మార్చడం లేదు గానీ, గడువు ఎన్నింటికి తీరుతుందో ఇద్దరికీ ఎవరి ఊరి టైములో వాళ్లకు ముందే చూపిస్తాం. ఆ ఒక్క ఆదివారానికి గంట సడలింపు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, సెట్టింగ్ ఉంది.

మార్చి 5లోగా ఏ ఊరో ఎంచుకోండి. ఎంచుకోని బ్యాచ్‌లు పిల్లల ఊరి టైముకే నడుస్తాయి. పిల్లలు వేర్వేరు ఊళ్ల వాళ్లయితే మీ టైముకు. నవంబర్ 1న అమెరికా గడియారం వెనక్కి వచ్చినప్పుడు మళ్లీ అడగం, ఇప్పుడు చెప్పిందే వర్తిస్తుంది.