పాత ఫైర్‌ప్లేస్ ఇటుక మీద యాసిడ్ పోయించకండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రివర్యులకు నమస్కారం.

విశాఖ పాత బంగళాల్లో గానీ, అరకు, అనంతగిరి వైపు పాత అతిథి గృహాల్లో గానీ ఫైర్‌ప్లేస్ ఉన్నచోట మరమ్మతుల ఎస్టిమేట్‌లో తరచూ కనిపించే మాట ఒకటే: "యాసిడ్‌తో కడిగి రంగు వేయాలి". ఆ మాట తీసేయించమని అడగడానికే ఈ లేఖ.

ఫైర్‌ప్లేస్ లోపలి నలుపు కార్బన్, దానికి తోడు పచ్చి కట్టెలు సరిగా మండక అంటుకున్న తారు. కార్బన్ యాసిడ్‌కు కరగదు. కరిగేది ఇటుకల సందుల్లోని సున్నం. మసి అలాగే ఉండి సందులు ఖాళీ అవుతాయి. యాసిడ్ వల్ల ఇటుకలో మిగిలిన క్లోరైడు ఉప్పులు తర్వాత తెల్లగా పూస్తాయి. సముద్రగాలికి ఇప్పటికే ఉప్పు పీల్చిన ఇటుక అయితే పొరలు పొరలుగా రాలుతుంది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ కూడా చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన గదిలో పనివాడి ప్రాణానికే ముప్పు.

పని పొగగొట్టంతో మొదలవ్వాలి. పైన మూత లేకపోతే వాననీరు మసిని కిందికి దించి గోధుమరంగు చారలు పెడుతుంది. అది సరిచేయకుండా ఎన్నిసార్లు కడిగినా మరక మళ్లీ వస్తుంది. మంట ఆరి కనీసం 24 గంటలయ్యాక, గట్టి నైలాన్ బ్రష్‌తో పొడిగానే మసి దులపాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే విరిగిన ముక్కలు ఇటుకలో ఉండిపోయి తుప్పు మరకలవుతాయి. తర్వాత మంచినీళ్లతో ఇటుకను బాగా తడపాలి. పొడి ఇటుక మురికినీటిని లోపలికి లాగేసుకుంటుంది.

నాలుగు లీటర్ల వేడినీళ్లలో సుమారు 120 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ (జిడ్డు, మసి వదిలించే క్షార పొడి) కలిపి, కింది వరుస నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే కారిన మురికి కింది పొడి ఇటుకలో ఇంకి చారలు పడతాయి. ఈ నీళ్లు చర్మాన్ని, కళ్లను మండిస్తాయి కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. చివర్లో మంచినీళ్లు, స్పాంజితో పైనుంచి కిందికి రెండు మూడుసార్లు తుడవాలి. మందు మిగిలితే ఆరాక తెల్లపొడి తేలుతుంది. ప్రెషర్ పంపు మాత్రం వద్దు, అది నీటిని గోడ లోపలికి కొడుతుంది.

మొండి మరకకు అవే నీళ్లను సుద్దమట్టిలో ముద్దగా కలిపి అర అంగుళం మందాన పట్టించి, ప్లాస్టిక్ షీటు కప్పి, మర్నాడు చెక్కముక్కతో గీకి తీయాలి. కట్టెలు పెట్టే ఇనుప జాలీ తుప్పు మరక వేరే రకం, దీనికి లొంగదు.

శాండ్‌బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుకను కొట్టి గోడ శుభ్రం చేసే పద్ధతి, సంగతి కూడా చెప్పాలి. ఇటుకకు బలం కాలిన పైపొరలోనే ఉంటుంది. ఇసుక దెబ్బకు అది పోతే లోపలి మెత్తటి మన్ను బయటపడి, మసిని మరింత పీలుస్తుంది. మామూలు ఎనామిల్ రంగు మంట వేడికి పొంగి, పొగ చిమ్ముతుంది. మంట తగిలే వెనక గోడ మొదటి మంటకే మళ్లీ నల్లబడుతుంది, కనుక దాన్ని కొత్తదానిలా చేయాలనే పట్టుదల వదిలేయాలి. శ్రమంతా కంటికి కనిపించే ముందు కమాను మీద పెడితే గది అందం తిరిగి వస్తుంది.

ఊడిన సందులకు సిమెంటు వద్దు. అది పాత ఇటుక కంటే గట్టిది, ఇటుకనే పగలగొడుతుంది. బయటి వైపు ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల నది ఇసుక, మంట గదిలో ఫైర్‌క్లే (మంట వేడిని తట్టుకునే మట్టి) వాడాలి. బీచ్ ఇసుక ఉప్పును గోడలోకి తెస్తుంది.

మా విన్నపం ఇది. పని మొదలయ్యే ముందు ఒక మూల చదరపు అడుగు నమూనా కడిగించి, వారం ఆరనిచ్చి, ఇంజినీరు చూశాకే మిగతాది మొదలుపెట్టేలా టెండరులో షరతు పెట్టించండి. పనిని డిసెంబరు, మార్చి మధ్య పెట్టించండి, వానల్లో గోడ ఆరదు. కూలి రోజుల లెక్కన కట్టించండి. చదరపు అడుగు లెక్కన కడితే తొందరలో చేయి మళ్లీ యాసిడ్ డబ్బా మీదకే పోతుంది.

ఇట్లు,
పాత ఇటుక కట్టడాల మరమ్మతు పనివారు, విశాఖపట్నం