ముందు క్యారియర్ పురాణం

నెల్లూరు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ బండోడా,

చదవకముందే తిట్టకు. నీ ఉత్తరం ఉగాదికి వచ్చింది, ఇక్కడ వినాయక చవితి పందిళ్ళు లేస్తున్నాయి. రాద్దాం రాద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగం సేపు "వినపడ్డం లేదు" అంటావు, మిగతా సగం అక్కడి వాన గురించి ఏడుస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మకి రెండో కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇప్పుడు నా చొక్కా మీద మరకలన్నీ ఆమెకే ముందు కనపడుతున్నాయి. పెద్దోడు ఇంటర్ రెండో సంవత్సరం, ఇంట్లో ఉన్నాడో లేడో చెప్పులు చూసి తెలుసుకోవాలి. చెల్లెమ్మ అడిగిన మొలగొలుకుల బియ్యం కోసం కోవూరు వైపు ఒకాయనకి చెప్పి ఉంచా. అంతే. ఇక అసలు సంగతికి వస్తా, చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది.

సైకిల్‌కి ముందు క్యారియర్ పెట్టించానురా!

నవ్వకు. పూర్తిగా విను.

మీ చెల్లెలు ఇడ్లీపిండి, దోశపిండి అమ్మడం మొదలుపెట్టిందని చెప్పాగా. అప్పుడు మా వీధిలో నాలుగిళ్ళు. ఇప్పుడు వేదాయపాళెం దాటి మూలాపేట దాకా పాకింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండు స్టీలు క్యాన్లు గుమ్మంలో రెడీగా ఉంటాయి. రెండూ కలిపి 15, 16 కిలోలు తూగుతాయి. స్కూటర్ పెద్దోడి చేతికి పోయింది, తిరిగి రాదు. షుగరు చూసి డాక్టరు నన్ను సైకిల్ తొక్కమన్నాడు. ఇక వెనక క్యారియర్ మీద పాప సీటు ఉంది. పిండి ఇచ్చి వచ్చే దారిలోనే దాన్ని ట్యూషన్ నుంచి ఎక్కించుకోవాలి. కాబట్టి పిండి ముందుకే పోవాలి, వేరే దారి లేదు.

సైకిల్ ఏదో నీకు తెలుసు. నాన్నది, నల్లది, రాడ్డు బ్రేకుల అట్లాస్. నీ పన్ను తీసుకున్నదే.

మొదట మా బామ్మర్ది రంగంలోకి దిగాడు. హ్యాండిల్‌కి తగిలించే తీగల బుట్ట ఒకటి కొనుక్కొచ్చాడు. ఆకుకూరలకీ పూలకీ అది బ్రహ్మాండం. అందులో పిండి క్యాన్ పెడితే మాత్రం బరువంతా పైన, చక్రానికి ముందు వేలాడుతుంది. వేగంగా పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. కాస్త నెమ్మదించామా, హ్యాండిల్ దానంతట అదే పక్కకి లాగుతుంది. రామలింగాపురం అండర్‌బ్రిడ్జి దగ్గర సాయంత్రం ఎట్లా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, అక్కడ మనిషి నడిచే వేగమే గొప్ప. అటు ఆటో, ఇటు గోడ, మధ్యలో నేను నా హ్యాండిల్‌తో కుస్తీ పడుతున్నా. పైగా బుట్ట పట్టీలు వంగి అది మెల్లగా మడ్‌గార్డు మీదికి దిగుతోంది. బామ్మర్ది దగ్గర మాత్రం "బుట్ట బాగుంది బావా" అనే అనాలి, వాళ్ళక్క వింటుంది.

అప్పుడు గుర్తొచ్చింది నీ ఫోటో. మీ నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ స్టేషన్ దగ్గర తీసుకున్నది, అదే, 12,500 సైకిళ్ళు పట్టే స్టాండులో నీ సైకిల్ ఎక్కడ పెట్టావో మరిచిపోయి గంటసేపు తిరిగానన్నావే, ఆ రోజుది. ముందు నీలం క్రేటు, అందులో క్యాబేజీలు. ఫోన్లో పెద్దది చేసి చూశా. ఒరేయ్, హ్యాండిలూ చక్రమూ ఎడమవైపు తిరిగి ఉన్నాయి, క్రేటు మాత్రం నేరుగా చూస్తోంది! అంటే ఆ క్యారియర్‌ని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి కాదు, ఫ్రేముకి బిగించారు. నువ్వు దాన్ని రోజూ తొక్కుతున్నావు, ఒక్క ముక్క చెప్పావా? నీకు ఇట్లాంటివి కనపడవు.

ఆ రాత్రంతా నెట్‌లో కూర్చున్నా. ముందు బరువు మోయడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఫోర్కుకి కట్టేది, బరువు చక్రంతోపాటే తిరుగుతుంది. పారిస్‌లో ఒకప్పుడు పేపర్లు మోసేవాళ్ళు ముందు చక్రం మీద వెడల్పాటి పలక పెట్టుకుని అట్లాగే తిరిగేవాళ్ళు. 15 కిలోల కట్టతో పందేలు కూడా పెట్టుకునేవాళ్ళట. (మనిద్దరం ట్రంకు రోడ్డులో పేపర్లు వేసిన రోజుల్లో ఈ సంగతి తెలిసుంటే!) రెండోది ఫ్రేముకి కట్టేది. ఇంగ్లండులో మాంసం కొట్టువాళ్ళు, రొట్టెల వాళ్ళు వాడిన సైకిళ్ళకి పెద్ద బుట్ట ఫ్రేముకే ఉండేది, దానికి చోటు కోసం ముందు చక్రం చిన్నది పెట్టేవాళ్ళు. మడత సైకిల్ బ్రాంప్టన్ ముందు సంచీ కూడా ఇదే తరహా, 10 కిలోల దాకా.

ఫోర్కుకి కట్టేదైతే సైకిల్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. హ్యాండిల్ కాడ దూరే హెడ్డు గొట్టం ఉంది చూడు, దాని గీతని అట్లాగే నేలదాకా పొడిగిస్తే అది తగిలే చోటుకీ, టైరు నేలని తాకే చోటుకీ మధ్య కొంచెం ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని ట్రైల్ అంటారు. అది తక్కువ ఉన్న సైకిలైతే ముందు బరువు హాయిగా మోస్తుంది. మన నల్ల సైకిల్ ఆ రకం కాదు, దానికి హెడ్డు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, నెమ్మదిగా పోతే చక్రం ఎటో ఒకవైపు పడిపోవాలనే చూస్తుంది. బామ్మర్ది బుట్టతో జరిగింది అదే. ఇవన్నీ మీ చెల్లెలికి చెబితే "రేపు పిండి ఎవరిస్తారు?" అంది.

ఆన్‌లైన్‌లో కూడా చూశాలే. అల్యూమినియంవి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. అయితే ఫోర్కుకి స్క్రూ బొక్కలు ఉండాలి, లేకపోతే వీ-బ్రేకులకి ఉండే దిమ్మెలు ఉండాలి. నాన్న సైకిల్‌కి ఆ రెండూ లేవు. ఎంత బరువు మోస్తుందో కూడా దాని మీద రాసి ఉంటుంది, కొన్ని మన పిండికి చాలవు.

చివరికి స్టోన్‌హౌస్‌పేట పోయాను. మనం బాడుగ సైకిళ్ళు తెచ్చుకున్న అంగడే. ఇప్పుడు చాచా కొడుకు కూర్చుంటున్నాడు, వెనకే చిన్న వెల్డింగు కూడా పెట్టాడు. చాచా అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతూ నన్ను చూసి "ఆ రెండోవాడు యాడున్నాడు? వాడు నాకు గంట బాడుగ బాకీ" అన్నాడు. కట్టేశాలే. నువ్వు నాకు బాకీ.

కొడుకు మాత్రం పనిమంతుడురా. "అన్నా, మాటలెందుకు, కట్టి చూద్దాం" అన్నాడు. పేపర్ ఏజెంటు సైకిల్ నుంచి విప్పిన పాత క్యారియర్ ఒకటి తీసి మడ్‌గార్డు పైన పెట్టి, కాళ్ళు రెండూ యాక్సిల్ నట్టు కిందికి దించి బిగించాడు. అట్లా చేస్తే బరువు హ్యాండిల్ మీద కాకుండా ఇరుసు మీద కూర్చుంటుందని వాడి లెక్క. నిజమే, బుట్టకీ దీనికీ పోలికే లేదు. పిండి ఇవ్వనని మీ చెల్లెలు ముందే చెప్పేసింది, అందుకని క్యాన్లలో నీళ్ళు పోసుకుని వెళ్ళా. నేరు రోడ్డు మీద బాగా పోయింది. సందు మలుపులో మాత్రం బరువు తిరగడం మొదలుపెడితే ఆగదు, నువ్వు ఆపాలి. తిరిగొచ్చి స్టాండు వేశా. బామ్మర్ది "నేను పట్టుకుంటాలే బావా" అని సీటు పట్టుకున్నాడు. చక్రం గిరుక్కున తిరిగింది, క్యాన్ ఒరిగింది, నీళ్ళన్నీ వాడి కొత్త బూట్లలోకి. చాచా పేపర్ కూడా దించలేదు. "సీటు కాదు నాయనా, హ్యాండిల్ పట్టుకోవాలి" అన్నాడంతే.

తర్వాత పాలవాళ్ళు వెనక క్యాన్లు వేలాడేసుకున్నట్టు కొడుకు ముందు చక్రానికి అటొకటి ఇటొకటి, ఇరుసు ఎత్తులో తగిలించాడు. ఒరేయ్, నిజం చెబుతున్నా, తొక్కడానికి అన్నిటికంటే అదే బాగుంది. బరువు కింద ఉంది, హ్యాండిల్ కొంచెం మందంగా తిరుగుతుంది గానీ ఎటూ లాగదు. దూరాలు పోయేవాళ్ళు సంచులు అక్కడ ఎందుకు కట్టుకుంటారో అప్పుడు అర్థమైంది. నేను దాదాపు ఒప్పుకున్నా. ఇంటికి పోయి చూపిస్తే మీ చెల్లెలు గుమ్మం కూడా దిగలేదు. "తినే పిండి మురిక్కాలవ ఎత్తులో పోతుందా? కుక్కలు వాసన చూస్తే?" అంది. నోరు మూసుకుని తిరిగొచ్చా. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? వాన పడితే మన వీధి సంగతి నీకు తెలుసు. ఒక క్యాన్ ఖాళీ అయ్యాక రెండోవైపు ఒక్కటే బరువు లాగడం ఇంకో గొడవ.

ఇక మిగిలింది నీ ఫోటో. చూపించా. కొడుకు చాలాసేపు చూసి, సైకిల్ ముందు గొంతుక్కూర్చుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ ఆలోచించాడు. చిక్కెక్కడంటే, రాడ్డు బ్రేకుల సైకిల్‌కి హెడ్డు గొట్టం ముందు నుంచి బ్రేకు కడ్డీ కిందికి దిగుతుంది కదా, అది హ్యాండిల్‌తోపాటు తిరుగుతుంది. అక్కడ పట్టీ బిగిస్తే కడ్డీ దానికి తగిలి సైకిల్ మలుపు తిరగదు. అందుకని వాడు హెడ్డు గొట్టాన్ని ముట్టుకోనే లేదు. దాని వెనక, పై గొట్టానికొక బిగింపు, కింది గొట్టానికొక బిగింపు వేశాడు. అక్కడి నుంచి రెండు చేతులు ఎడంగా ముందుకు తెచ్చి, వాటి మీద పలక నిలబెట్టాడు. మధ్యలో కడ్డీ ఆడటానికి బెత్తెడు సందు వదిలాడు. బిగింపుల కింద పాత ట్యూబు ముక్కలు, రంగు పోకుండా, జారకుండా. ఫ్రేముకే వెల్డింగు పెట్టేయొచ్చుగా అని బామ్మర్ది అంటే కొడుకు చూసిన చూపు చూడాలి! "ఈ గొట్టాలు పల్చన బావా, కీళ్ళు ఇత్తడి పోసి అతికినవి. మంట తగిల్తే సైకిల్ పోద్ది" అన్నాడు. (బామ్మర్ది ఇప్పుడు వాడికి కూడా బావ అయ్యాడు, ఎట్లానో అడక్కు.)

క్యాన్ మూతలు హ్యాండిల్‌కి తగలకూడదని పలకని జానెడు ముందుకి జరపాల్సి వచ్చింది. ఎంత ముందుకి జరిపితే అంత బరువు ముందు చక్రం మీద. అక్కడ నేను అడ్డం పడ్డా. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40. గుర్తుందా, నువ్వు రెండూ సమానమని పందెం కట్టి బర్ఫీ ఓడిపోయావు? బరువంతా వెనక ఉంటుందనే లెక్కతో చేసిన సైకిల్ అది. అందుకని పుల్లలన్నీ బిగించి, రిమ్ము బెండు తీసి, హెడ్డు కింది కప్పులో బాల్సు మార్చాకే బండి బయటికి తీశాం. బాల్సు ఇంకా ఈజీగా దొరుకుతున్నాయి, కంపెనీయే... తెలుసా, 2020లో సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ మూసేసింది జూన్ 3నట. ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. నాన్న ఆ సైకిల్ కొన్నప్పుడు... సర్లే, అది ఇంకోసారి రాస్తా.

మొదటిసారి ఎక్కినప్పుడు భలే వింతగా ఉంటుంది. హ్యాండిల్ తిప్పుతావు, కళ్ళ ముందు క్యాన్లు కదలవు. సైకిల్ మాట వినడం లేదేమో అనిపించి ఇంకా తిప్పుతావు. ఆ టెన్షన్ వీధి చివరిదాకానే. తర్వాత చేతులు చాలా తేలిగ్గా ఉంటాయి. అండర్‌బ్రిడ్జి దగ్గర ఎంత నెమ్మదిగా పోయినా లాగుడు లేదు. స్టాండు వేసినా క్యాన్లు ఉన్నచోటే ఉంటాయి.

పిండి సంగతి మాత్రం వేరే. పొంగిన పిండి కుదుపులకి దిగిపోతుందిరా, మూత తీస్తే నురగంతా పోయి చదునుగా కనపడుతుంది. మూలాపేటలో ఒకావిడ మొహం అదోలా పెట్టింది. పలక మీద పాత పీచు పరుపు ముక్క కోసి పరిచా, ఇప్పుడు పర్లేదు. సగం ఖాళీ అయిన క్యాన్ కూడా తలనొప్పే, లోపల పిండి అటూ ఇటూ ఊగితే చేతులకి తెలుస్తుంది. అందుకే ఒకటి పూర్తిగా అయ్యాకే రెండోదాని మూత తీస్తున్నా. అప్పుడు రెండోదాన్ని పలక నడిమధ్యకి జరిపేస్తా. మొత్తం ఖర్చు ఆన్‌లైన్ దాంట్లో సగం కూడా కాలేదు. మా పాలాయన ఆగి మరీ కింద నుంచి తొంగి చూసి, కొడుకు అంగడి ఎక్కడో అడిగి వెళ్ళాడు.

ఇంకొక్క లోటు ఉంది, అది నీ పని. క్యాన్లు పెట్టేటప్పుడు ఖాళీ హ్యాండిల్ ఊరికే తిరిగిపోయి సైకిల్ వెనక్కి జరుగుతోంది. మీ ఊళ్ళో సైకిళ్ళకి ఫోర్కుకీ కింది గొట్టానికీ మధ్య ఒక స్ప్రింగు ఉంటుంది, చక్రాన్ని నేరుగా ఉంచుతుంది. నీ సైకిల్‌కి ఉందేమో వంగి చూడు. లావు గొట్టాలకి సరిపోయేది ఎంతో కనుక్కుని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. చాచా బాడుగ దాంతో చెల్లు. కొలత కావాలంటే నేను కింది గొట్టం చుట్టూ దారం పెట్టి

అదిగో పిలుస్తోంది. ఆదివారం పొద్దున ఆర్డర్లు డబుల్, క్యాన్లు కట్టాలి. చెల్లెమ్మకి నమస్కారాలు, పిలకాయలకి ముద్దులు. స్ప్రింగు మరిచిపోకు.

నీ
గొడుగు మాస్టారు